స్వరూపక్క చెప్పిన ‘పుట్ ఆఫ్’

మొన్న మధ్యాహ్నం స్టాఫ్ రూంలో లెక్కల మేడం బత్తాయి ఒలిచింది. తొక్క చీలగానే ఆ ఘాటు గదంతా పాకింది. నేను టిఫిన్ డబ్బా మూత పెట్టేసి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. “ఏమైంది నస్రీన్ మేడం, కడుపుల తిప్పుతాందా?” అంటూ ఆమె వెనకాలే వచ్చింది. ఏం లేదన్నాను. బత్తాయి తొక్క వాసన కడుపులో తిప్పేది కాదు, తిప్పడం ఆపేది. ఆ సంగతి నాకు స్వరూపక్క వల్ల తెలిసింది. దవాఖానలో మందు ఎక్కించిన రోజుల్లో ఆమె పండు తినలేకపోయేది. తొక్కను మాత్రం గుప్పిట్లో నలిపి ముక్కు దగ్గర పెట్టుకొని గోడవైపు తిరిగి పడుకునేది. ఆమె పోయి కొన్నేళ్ళయింది. నేను ఇప్పుడు పరకాల దగ్గర ఒక సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్తున్నాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో సగానికి పైగా ఆమె దగ్గర నేర్చుకున్నదే.

మా అబ్బా పరకాలలో బావి మోటార్లు బాగుచేసేవాడు. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివి, ఉద్యోగ పరీక్షలకు తయారవుదామని హన్మకొండ వచ్చి ఒక లేడీస్ హాస్టల్‌లో చేరాను. పొద్దున చాయ్ తాగి లైబ్రరీ రీడింగ్ రూంకు పోతే చీకటి పడేవేళకు తిరిగి వచ్చేదాన్ని. మిగతా సబ్జెక్టులు ఎట్లాగో చదివేదాన్ని గానీ ఇంగ్లీషు పేపర్ అంటే చేతులు చల్లబడేవి. అందులోనూ రెండు మూడు చిన్న మాటలు కలిసి కొత్త అర్థం ఇచ్చే ఆ ఫ్రేజల్ వర్బ్స్. పుట్ ఆన్, పుట్ ఆఫ్, పుట్ అవుట్, పుట్ అప్ విత్ అని కళ్ళు మూసుకొని పెదాలు కదుపుతూ కూర్చున్న ఒక రోజు, ఎదురు కుర్చీలోంచి ఎవరో చిన్నగా నవ్వారు.

“ఏం చెల్లె, తస్బీ పూసలు తిప్పినట్టు తిప్పుతానవ్?”

సన్నగా, చామనఛాయలో ఉంది. జడ ముందుకు వేసుకొని, కండ్లద్దాల మీదుగా చూస్తోంది. అదే హాస్టల్‌లో పై అంతస్తులో ఉంటుందని ముఖం చూసి గుర్తుపట్టాను. మరిపెడ దగ్గరి పల్లె ఆమెది. పత్తి, మిర్చి పండించే ఇల్లు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి కొమురమ్మ, ఒక తమ్ముడు. ఎం.ఏ. ఇంగ్లీషు చదివి, సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ చెప్పుకుంటూ పరీక్షలు రాస్తోంది. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పటికి మాత్రం నేను సిగ్గుతో, “ఫ్రేజల్ వర్బ్స్ అక్కా, నెత్తిల నిలుస్తలేవు” అన్నాను.

“అర్థం కానిది నెత్తిల ఎట్ల నిలుస్తది? పుట్ ఆఫ్ అంటే ఏందో చెప్పు.”

“వాయిదా వేయుట.”

“వేయుట అని మీ ఇంట్ల ఎవలన్న అంటరా?” అని కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “పుట్ అంటే పెట్టుడు. ఆఫ్ అంటే అవతలికి. ఇయ్యాల చేసే పనిని చేతికందకుండ అవతల పెట్టుడు. మా ఇల్లంత దాని మీదనే నడుస్తది. అమ్మకు ముక్కుపుల్ల కావాలె, పత్తి అమ్మినంక. ఇంటి మీద రేకులు మార్చాలె, పత్తి అమ్మినంక. తమ్మునికి కండ్లద్దాలు, పత్తి అమ్మినంక. పత్తి అమ్మినంక మళ్ళ పత్తి పెట్టే టైం అయితది.”

నాకు నవ్వొచ్చింది. రీడింగ్ రూంలో నవ్వితే ఊరుకోరని దుపట్టా నోట్లో కుక్కుకున్నాను. ఆమె అంతటితో వదల్లేదు. పుట్ ఆఫ్ తర్వాత ‘టు గో’ రాదు, ‘గోయింగ్’ వస్తదని చెప్పింది. వాయిదా పడేదాని పేరు ‘ఆఫ్’కు ముందైనా వెనకైనా పెట్టొచ్చు గానీ, పేరుకు బదులు ‘ఇట్’ అంటే మాత్రం అది ఆ రెండు మాటల మధ్యలోనే కూర్చోవాలని చెప్పింది. “పుట్ ఇట్ ఆఫ్. ఇద్దరి నడుమ చిన్నపోరని లెక్క అనుకో.” ఇంకా పక్కనే ఉన్న కాల్ ఆఫ్ మీద వేలు పెట్టింది. “గీ రెండిట్ల చానమంది తప్పు చేస్తరు. పుట్ ఆఫ్ అంటే పని ఆగుతది, గని ఇంకో తేది ఉంటది. కాల్ ఆఫ్ అంటే మొత్తానికే బంద్. తేదే లేదు.”

ఆ రోజు నుంచి నేను ఆమె వెంట తిరిగాను. హాస్టల్ నుంచి లైబ్రరీకి నడిచే దారంతా మాకు క్లాసే. కొన్ని రాత్రులు నేను ఆమె గదిలోనే పడుకునేదాన్ని, అప్పుడు “పుట్ ఆఫ్ ద లైట్” అనేది. మెస్‌లో చారు గిన్నె మూత తీసి ముఖం పక్కకు తిప్పుకొని, “ఈ వాసన నన్ను పుట్ ఆఫ్ చేస్తాంది. ఇక్కడ వాయిదా కాదు, మనసు విరుగుడు” అని విడమర్చేది. నేను తప్పు మాట్లాడుతానని నోరు తెరవకపోతే మందలించేది. “తప్పు మాట్లాడితె ఎవలూ సావరు నస్రీనూ. మాట్లాడకపోతె ఏది రాదు.” ఒకసారి బస్టాండులో ఎవరో బయటి రాష్ట్రం కుటుంబం ఇంగ్లీషులో దారి అడిగితే, ఆమె తెలిసి కూడా వెనక్కి జరిగి నన్ను ముందుకు నెట్టింది. వరంగల్ ఖిలాకు బస్సు ఎక్కడ ఎక్కాలో నేను నత్తి నత్తిగా చెప్పాను. వాళ్ళు అర్థం చేసుకొని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం అబ్బాకు ఫోన్ చేసి ఆ సంగతే రెండుసార్లు చెప్పాను. మనిషి ముందు తల ఎత్తి మాట్లాడటం నాకు అక్కడే మొదలైంది.

మేము ఎదురుచూస్తున్న పరీక్ష మొదటిసారి వాయిదా పడ్డ రోజు బాగా గుర్తుంది. మధ్యాహ్నం రీడింగ్ రూంలో ఒకరి ఫోన్ మోగింది, తర్వాత ఇంకొకరిది. కుర్చీలు గరగరమని వెనక్కి జరిగాయి. ఒక అమ్మాయి పుస్తకం మీద తల పెట్టి ఏడ్చింది. ఇంటి దగ్గర ఇదే ఆఖరు అవకాశం అని చెప్పి పంపారట ఆమెను. స్వరూపక్క లేచి పోయి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. “పుట్ ఆఫే కద చెల్లె, కాల్ ఆఫ్ కాదు. చదువుకునేటందుకు ఇంకిన్ని రోజులిచ్చిండ్లు అనుకో.” ఆ మాట ఆ గదిలో అందరికీ ఊతమైంది. రెండోసారి వాయిదా పడ్డప్పుడు మేమే ఒకరికొకరం ఆ మాట చెప్పుకున్నాం. కోర్టులో కేసు అన్నారు, ఇంకేదో అన్నారు. ఎవరూ సరిగా చెప్పేవాళ్ళు లేరు. తేదీ మాత్రం అవతలికి జరుగుతూనే పోయింది.

ఆ ఎదురుచూపుల్లోనే ఒక ఆదివారం ఇద్దరం ఖిలా వరంగల్ పోయాం. తోరణాల దగ్గర సెలవు రోజు జనం ఫోటోలు దిగుతున్నారు. మేము కొంచెం దూరంగా పడిపోయిన రాళ్ళ మీద కూర్చొని పల్లీలు తింటున్నాం. ఆమెకు మానుకోటలో ఒక సంబంధం అనుకొని ఉందని నాకు తెలుసు. అబ్బాయి కరెంటు డిపార్ట్‌మెంటులో పనిచేస్తాడు. పరీక్ష అయ్యాక ముహూర్తం పెట్టుకుందామని రెండు వైపులా మాట అనుకున్నారు. ఆమె అతని పేరు ఎప్పుడూ చెప్పేది కాదు గానీ, అతను ఫోన్ చేసినప్పుడు మెట్ల మీదికి పోయి మాట్లాడేది.

“మానుకోటోళ్ళు అమ్మకు ఫోన్ చేసిండ్లట,” అంది పల్లీ పొట్టు కాగితంలో జాగ్రత్తగా మడుస్తూ.

“ఏమన్నరు? ఇంక కొన్ని రోజులు ఆగుతరటనా?”

“లేదు. ఎన్నొద్దులు ఆగుతరు వాళ్ళు మాత్రం? అది కాల్ ఆఫ్.”

ఆమె కాసేపు తోరణం కింద ఫోటో దిగుతున్న కొత్త జంటను చూసింది. తర్వాత నావైపు తిరిగి, “ఇగ నువ్వు ఆ రెండిటి నడుమ తేడా జన్మల మర్శిపోవు” అంది. నవ్వుదామని చూసింది గానీ పెదాలు మాట వినలేదు. బస్సులో తిరిగి వస్తూ నా భుజం మీద తల పెట్టుకొని పడుకుంది. నిద్రపోలేదని నాకు తెలుసు.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఒక పొద్దున స్నానం చేసి వచ్చి నన్ను తన గదిలోకి పిలిచింది. తలుపు గడియ పెట్టి, నా చెయ్యి పట్టుకొని ఎడమ రొమ్ము పక్కన పెట్టింది. వేళ్ళ కింద చింతగింజంత గట్టిది తగిలింది. నొక్కితే కదల్లేదు.

“దవాఖానకు పోదాం అక్కా. ఇయ్యాలనే పోదాం.”

“నొప్పి లేదు నస్రీనూ. ఏం కాదు. ఇప్పుడు పోతె ఆ టెస్టు, ఈ టెస్టు అని తిప్పుతరు. చదువు ఖరాబైతది. పరీక్ష దగ్గరికొచ్చె. అయినంక పోదాం.”

నేను వినలేదు. మా అమ్మీకి ఫోన్ చేసి చెప్పాను. అమ్మీ చెల్లెలు, మా ఖాలా, అట్లాంటి గడ్డతోనే పోయింది. “నొప్పి లేదని ఊకోవద్దు బేటీ. జర జబర్దస్తీ చేసైనా తోలుకపో” అంది అమ్మీ. నేను బతిమాలాను, కోపం చేశాను, ఒకరోజంతా మాట్లాడకుండా ఉన్నాను. చివరికి నా పోరు పడలేక సందు చివర మందుల షాపు దాకా వచ్చింది. అక్కడి ఆయన మాటల్లో విని, చూడకుండానే, కొవ్వు గడ్డ అయి ఉంటుందని గోళీలు ఇచ్చాడు. ఆ మాట వినగానే ఆమె ముఖం ఎంత తేటపడిందో చెప్పలేను. గోళీల పొట్లం నా ముందు ఊపి, “చూసినవా, ఉత్తగ ఫికర్ చేస్తివి” అంది. పరీక్ష మళ్ళీ వాయిదా పడింది. నేను మళ్ళీ అడిగాను. ఆమె మళ్ళీ అదే అంది.

ఆమెకు తెలియక అట్లా చేసిందని నేను ఎప్పుడూ అనుకోలేదు. అన్నీ పంట మీదికి నెట్టి బతికిన ఇంట్లో పుట్టిన మనిషి. ఏ అక్కరైనా కొంచెం ఆగుతుందని ఆమె ఒంటికి అలవాటై ఉంది. అంతకంటే పెద్దది భయం. జబ్బుకు ఒక పేరు పెడితే పుస్తకాలు మూసి ఊరికి పోవాల్సి వస్తుంది. తల్లి చేతిలో ఉన్నదంతా అటే పోతుంది. తమ్ముడి చదువు ఆగుతుంది. పేరు పెట్టనంత సేపు అది ఒక గడ్డ మాత్రమే. ఒకరోజు మాత్రం, లైట్ ఆర్పాక, “నాకు తెల్వదనుకుంటానవా?” అంది చీకట్లోంచి. నేను లేచి కూర్చున్నాను. ఆమె అటువైపు తిరిగి పడుకుంది.

ఎండలు ముదిరే వేళకు ఆమె ఎడమ చెయ్యి పైకి లేవడం మానేసింది. ట్యూషన్‌లో బోర్డు తుడవబోయి ఆగిపోయిందని, పిల్లలు చూస్తున్నారని సుద్దముక్క కింద పడినట్టు వంగి కూర్చుందని ఆమే చెప్పింది. మరునాడు నేను అడగకముందే చెప్పులు వేసుకొని నా గది ముందు నిలబడింది. “పా” అంది.

పెద్ద దవాఖానలో ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చాక చూసిన డాక్టరమ్మ నడివయసు మనిషి, మంచి మనిషే. అక్కతో తెలుగులో ప్రేమగా మాట్లాడింది. అక్క మళ్ళీ మంచం మీద పడుకున్నాక, పక్కనున్న చిన్న డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పింది. జబ్బు ఎముకల దాకా పోయిందని, ముందే వచ్చి ఉంటే వేరుగా ఉండేదని. చివరన నిట్టూరుస్తూ, “షి కెప్ట్ పుటింగ్ ఇట్ ఆఫ్” అంది. రోగికి అర్థం కాదనే అనుకొని ఉంటుంది. వాళ్ళు పక్క మంచానికి పోయారు. నేను అక్క ముఖం చూడలేక మంచం కమ్మీ పట్టుకొని నిలబడ్డాను.

“కరెక్టే చెప్పింది,” అంది స్వరూపక్క పైకప్పు చూస్తూ.

“అక్కా…”

“ఇంగ్లీషు కరెక్టే చెప్పింది అంటాన. ‘ఇట్’ నడుమల పెట్టింది చూడు.”

అప్పుడు ఏడ్చింది. ఆమె ఏడవగా చూడటం నాకు అదే మొదలు, అదే చివర. ఎవరికీ వినపడకుండా, రీడింగ్ రూంలో కూర్చున్నట్టే, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

కొమురమ్మ వచ్చింది. పొట్టి మనిషి, పొలంలో ఎండకు కమిలిన ముఖం. వార్డులో నేల మీద చాప వేసుకొని బిడ్డ కాళ్ళ దగ్గర కూర్చునేది. బత్తాయిలు ఒలిచి తొనలు చేతిలో పెట్టేది. బిడ్డ తొక్క తీసుకొని తొనలు తిరిగి ఇచ్చేది. నేను మొదట్లో కరెంట్ అఫైర్స్ పుస్తకాలు పట్టుకొని పోయేదాన్ని. ఒకరోజు అక్క పుస్తకం వైపు చూసి, చేత్తో మెల్లగా పక్కకు జరిపింది. “తీస్కపో చెల్లె. ఏది చూసినా పుట్ ఆఫ్ అయితాంది నాకు.” అది ఏ అర్థంలో అన్నదో వివరించలేదు. అంతకు ముందెప్పుడూ ఆమె నాకు ఒక మాట చెప్పి వివరించకుండా వదిలింది లేదు.

డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఊరికి పోయే రోజు వ్యాను ఎక్కించాక నా మణికట్టు పట్టుకుంది. చేతిలో బలం లేదు. “తేది ఇచ్చిండ్లా?” అంది. ఇవ్వలేదన్నాను. “ఇస్తరు,” అంది. “నువ్వు మాత్రం ఆగం గాకు.” పత్తికాయలు ఇంకా పగలని రోజుల్లో, వాన ముసురులో, ఊళ్ళోనే పోయింది. నేను చేరేసరికి అంతా అయిపోయింది.

ఆ చలికాలం ఆ నోటిఫికేషనే రద్దయింది. ఈసారి వాయిదా కాదు. మళ్ళీ ఎప్పుడైనా కొత్తది వేస్తే అప్పుడు చూసుకోవాల్సిందేనన్నారు. రీడింగ్ రూంలో అందరూ లేచి బయటికి పోయారు, రోడ్డు మీద అరుపులు వినపడుతున్నాయి. నేను కూర్చున్న చోటే ఉన్నాను. పుట్ ఆఫే, కాల్ ఆఫ్ కాదు అని అందరికీ చెప్పిన మనిషి ఈ మాట వినకుండా పోయినందుకు ఒక్క క్షణం మేలే అయిందనిపించింది. ఆ వెంటనే అట్లా అనిపించినందుకు గుండె మండిపోయింది. తర్వాత ఇంకెప్పుడో, వేరే పరీక్ష రాసి, నేను టీచరునయ్యాను.

ఉద్యోగం వచ్చాక మరిపెడ బస్సెక్కి కొమురమ్మను చూడటానికి పోయాను. ఆమె వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. నన్ను చూసి చేతులు కొంగుకు తుడుచుకొని మంచం వాల్చింది. నీళ్ళిచ్చింది. నా ఉద్యోగం సంగతి విని, “మంచిగయ్యింది బిడ్డ, సల్లగుండు” అంది. నిజంగానే సంతోషపడింది. కాసేపటికి మిరపకాయలు చేత్తో నెరుపుతూ, తల ఎత్తకుండా అడిగింది.

“మా పిల్ల చదివిన పరీక్ష అయ్యిందా బిడ్డ? ఎవలకన్న నౌకర్లు అచ్చినయా?”

అబద్ధం చెప్పాలనుకున్నాను. ఇంకా జరగలేదని, మళ్ళీ వాయిదా పడిందని అనేస్తే సరిపోయేది. కానీ ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. “కాలేదమ్మా. రద్దు చేసిండ్లు. ఇగ లేదది.”

ఆమె చెయ్యి మిరపకాయల మీద నిలిచిపోయింది.

“అయితె నా బిడ్డ ఆగింది ఉత్తగనేనా?”

ఆమె నా ముఖం చూడలేదు. లోపలికి పోయి సంచిలో ఇన్ని మిరపకాయలు పోసి తెచ్చి, మీ అమ్మకు ఇయ్యి అని నా ఒళ్ళో పెట్టింది. రోడ్డు దాకా నా వెంట నడిచి వచ్చింది. బస్సు వచ్చేదాకా ఇద్దరం ఆ ఎండలో నిలబడ్డాం.

ఏటా ఒకసారైనా పోతున్నాను. ఆమె మళ్ళీ ఆ మాట అడగలేదు, అడగదు కూడా. పొలం సంగతులు, కొడుకు సంగతులు చెప్తుంది. అయినా మరిపెడ బస్సెక్కిన ప్రతిసారీ, కిటికీ పక్క కూర్చొని, ఆమెకు చెప్పదగిన జవాబు ఒక్కటైనా దొరుకుతుందేమోనని దారంతా వెతుక్కుంటూ పోతాను. ఊరు వచ్చేస్తుంది. ఏమీ దొరక్కుండానే దిగుతాను.